ద్రాక్షకు దణ్ణం

"సాక్సులు కూడా తియ్యి" అన్నాడు ఇంటి ఓనరు.

డబ్లిన్ శివార్లలోని లూకన్‌లో ఆ మూడు పడగ్గదుల ఇల్లు అద్దెకు చూడ్డానికొచ్చిన జనమంతా రంగనాథ్ పాదాల వైపు తిరిగారు. పాపం, అతను చేసిందల్లా అలవాటుకొద్దీ గుమ్మం దగ్గర బూట్లు విప్పడమే. మిగతావాళ్లందరూ బురద బూట్లతోనే హాల్లోకి నడిచేశారు. డబ్లిన్‌లో అద్దె ఇల్లు వెతకని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే ఇక్కడ నవ్వుకోవచ్చు. రంగనాథ్ రేపు ఆదివారానికల్లా ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చేయాలి. నోరు మూసుకుని సాక్సులు తీశాడు.

ఓనరు పేరు థనాసిస్. గ్రీకువాడు. కళ్లజోడు సర్దుకుని, వంగి, సంతలో ఎద్దును బేరమాడేవాడిలా ఆ పాదాలను అటూ ఇటూ పరీక్షించాడు.

"వెడల్పు బాగుంది. మడమ గట్టిది. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరుగుతావా?"

"పుట్టినప్పట్నుంచీ అంతేనండి."

థనాసిస్ నిటారుగా నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. "నా షరతు ఒక్కటే. ఈ ఇంట్లో ఉండేవాళ్లు ఏటా నా ద్రాక్షపళ్లు తొక్కిపెట్టాలి. మా వంశంలో వైన్ కాళ్లతోనే చేశారు. మిషన్‌లో వేస్తే గింజ నలిగి చేదెక్కుతుంది. ఎంత తొక్కాలో పాదానికి తెలుసు. నాకేమో మోకాళ్లు పోయాయి."

మరుక్షణం హాలంతా బూట్ల లేసులు విప్పుతున్న చప్పుడు. ఒకామెకి ఆనెలున్నాయని, ఒకాయన పాదాలు మరీ మెత్తగా ఉన్నాయని, థనాసిస్ ఒక్కొక్కరినీ పక్కన పెట్టేశాడు. చివరికి రంగనాథ్, విశాల్ అనే ఒక డాక్టరు మిగిలారు. ఇద్దరినీ కాళ్లు కడుక్కోమని పెరట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ రెండు పెద్ద చెక్క తొట్లు, వాటి నిండా గ్రీసు నుంచి వ్యానులో దిగిన నల్లద్రాక్ష. బాగా తొక్కినవాడిదే ఇల్లు.

విశాల్‌ది కరీంనగర్. ఇక్కడ ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. ప్యాంటు మడుస్తూ రంగనాథ్ చెవిలో అన్నాడు. "అన్నా, జర మీరు ఇడ్సిపెట్టరాదె. నా లీజు రేపటితోనే అయిపోతది. ఆస్పత్రిల పండుకోవాల్నా?"

"మాకూ ఆదివారమేనండి డాక్టరుగారూ. ఏమీ అనుకోకండి."

ఇంతలో రంగనాథ్ భార్య సరోజ అతని చొక్కా పట్టుకు లాగింది. "ఏవండీ, తినే వస్తువండీ. కాలితో తొక్కుతారా?"

"ఇల్లు కావాలా వద్దా?"

సరోజ ఒక్క క్షణం ఆలోచించింది. "కావాలి. అయితే ముందు కళ్లకద్దుకోండి, దోషం పోతుంది. కుడికాలు ముందు పెట్టండి."

రంగనాథ్ ఒక గుత్తిని తాకి, కళ్లకద్దుకుని, కుడికాలు తొట్లో పెట్టాడు. థనాసిస్ ఫోన్‌లో ఏదో పిల్లనగ్రోవి పాట పెట్టాడు. పాట లేకుండా తొక్కడం వాళ్ల పూర్వీకుల నాడే లేదట.

విశాల్ జిమ్ములో ఉన్నట్టు ధనాధనా తొక్కేస్తున్నాడు. రంగనాథ్ సంగతి అలా లేదు. కాలి కింద పండు చిట్లినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమంటోంది. ఒక అడుగు వేస్తాడు, వంగి తాకుతాడు, "తప్పయింది తల్లీ" అని కళ్లకద్దుకుంటాడు. ఇంకో అడుగు వేస్తాడు, మళ్లీ వంగుతాడు. ముఖమంతా రసం.

"ఎడంకాలిది మర్చిపోయారు" అంది సరోజ తొట్టి పక్కనుంచి.

థనాసిస్ పాట ఆపేశాడు. "ఏం చేస్తున్నాడితను?" అని సరోజనడిగాడు.

"దణ్ణం పెడుతున్నారండి. మాకు తిండి దేవుడితో సమానం."

ఆ ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా పాతకాలంలోనూ ఇంతేనమ్మా. తాగేముందు మొదటి చుక్కలు దేవుళ్లకని నేల మీద పోసేవాళ్లు. నీళ్లు కలపకుండా తాగేవాణ్ణి మొరటువాడనేవాళ్లు. వైన్ అంటే అంత మర్యాద. ఇప్పుడు నా కొడుకులకు చెబితే నవ్వుతారు."

ఆయన విశాల్ భుజం తట్టి తొట్లోంచి దిగమన్నాడు. విశాల్ ముఖం మాడిపోయింది. రంగనాథ్ గుండె ఎగిరి గంతేసింది. వంటింటి ప్రెస్సుల్లో, అదే, మన అలమరల్లో, ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో సరోజ అప్పుడే మనసులో సర్దేసుకుంది.

థనాసిస్ జేబులోంచి తాళాలు తీశాడు.

"నా కళ్లు తెరిపించావు రంగనాథ్. ఇన్నేళ్లూ వైన్ జాడీలను ఆ మూలనున్న షెడ్డులో పడేశాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది. దేవుణ్ణి షెడ్డులో పెట్టి మనుషులం ఇంట్లో ఉంటామా? ఈ ఇల్లు ఇక ఆ వైన్‌దే. మూడు గదులూ దానివే." తాళాలు మళ్లీ జేబులో వేసుకున్నాడు.

మోకాళ్ల దాకా ఎర్రటి రసంలో రంగనాథ్ అలాగే నిలబడిపోయాడు. తొట్టి అంచు పట్టుకుని అడిగాడు. "మరి మా సంగతేంటండీ?"

"షెడ్డు ఖాళీ అవుతుందిగా. అద్దెకిస్తాను."

రంగనాథ్‌కి ఒళ్లు మండిపోయింది. షెడ్డులో కాపురం చేయడానికా ఇంత దూరం వచ్చింది? ఇక ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండకూడదనుకున్నాడు. తొట్లోంచి ఒక్క దూకు దూకి, "పద సరోజా" అని పక్కకు తిరిగాడు.

సరోజ లేదు. హాల్లో మిగిలిపోయినవాళ్లంతా వచ్చి షెడ్డు ముందు అప్పుడే పెద్ద క్యూ కట్టేశారు. అందరికంటే ముందు సరోజ.