పరిమళ ముందుచూపు

పాలు లీటరు నుంచి అర లీటరుకు తగ్గించింది పరిమళ. సన్నబియ్యం మాని రేషన్ బియ్యం వండటం మొదలుపెట్టింది. కేబుల్ తీయించింది. పనిమనిషి మహిమకు రెండు నెలల జీతం ముందే ఇచ్చి, వేరే ఇల్లు చూసుకోమంది.

"అప్పుడే ఎందుకే ఇవన్నీ?" అన్నాడు భర్త భవానీప్రసాద్.

"మునిగాక ఏం చేసినా లాభం లేదండీ. చేసేదేదో ఇప్పుడే చెయ్యాలి."

ప్రసాద్‌కు జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు, వత్సవాయిలో ఆరెకరాల పొలం. అరువు పట్టుకెళ్లిన రైతులు ముఖం చాటేశారని, కొట్టు నిలబెట్టడానికి గరికపాడు దాబా యజమాని కిషోర్‌బాబు దగ్గర నలభై లక్షలు తెచ్చానని, అది వడ్డీతో అరవై దాటిందని ఒకరోజు కంచం ముందు కూర్చుని చెప్పి ఏడ్చాడు.

ఆ వారం నుంచే కిషోర్‌బాబు రావడం మొదలైంది. కొట్టు దగ్గర నలుగురిలో నిలదీయకుండా నేరుగా ఇంటికే వచ్చేవాడు. ఆ మాత్రం మర్యాద ఉన్నందుకు పరిమళ సంతోషించింది.

"ఏవయ్యా ప్రసాదూ, ఎన్నాళ్లు తిప్పుతావ్? నీ మూలంగా మా చెల్లి నీహారిక పెళ్లి ఆగిపోయింది! ముప్పయ్యేళ్లొచ్చినయ్ దానికి. ఊళ్లో తలెత్తుకోలేకపోతన్నా!"

ప్రసాద్ వాకిట్లోనే అతని కాళ్ల మీద పడ్డాడు. కిషోర్‌బాబు కంగారుగా రెండడుగులు వెనక్కి వేశాడు.

"కాళ్లు పట్టుకుంటే ఏమొస్తది? ఏదో ఒకటి తేల్చు. ఇంకో ఏడాది చూస్తా, అంతే!"

పరిమళకు ఇలాంటి అరుపులు కొత్త కాదు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు, నందిగామలో బియ్యం వ్యాపారం చేసే నాన్న అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా కాగితం వేశాడు. ఐపీ పెట్టడం అంటారు దాన్ని. అంతకుముందే అమ్మా నాన్నా కాగితం మీద విడాకులు తీసుకున్నారు. అప్పులవాళ్లు నాన్నవన్నీ పట్టుకెళ్లారు గానీ, అమ్మ పేర ఉన్న ఇంటి జోలికి రాలేకపోయారు. ఆ విడాకులయ్యాక కూడా ఇద్దరూ ఆ ఇంట్లోనే పాతికేళ్లు కాపురం చేశారు. ఇప్పుడు ఆ ఇల్లు పరిమళది.

అందుకే ఉపాయం చెప్పింది ఆమే.

"విడాకులా?" అన్నాడు ప్రసాద్. "నువ్వు లేకుండా ఎట్టా ఉంటానే? నావల్ల కాదు."

"కాగితం మీదేగా! మీ కొట్టూ పొలమూ ఎలాగూ కిషోర్‌బాబుకు పోతాయి. అమ్మ ఇల్లన్నా మిగలాలి కదండీ. రెండేళ్లు ఓర్చుకుంటే మళ్లీ అందులోనే ఉంటాం."

"జనం ఏమనుకుంటారు?"

"జనం కూడు పెడతారా? మనకు పిల్లలు లేకపోవడం కూడా ఈ గండానికి మంచిదే అయింది."

వారం రోజులు ప్రసాద్ ఒప్పుకోలేదు. వారం రోజులూ పరిమళ బతిమాలింది.

లాయరును మాట్లాడిందీ ఆమే. భరణం సంగతి ఏం రాయమంటారని ఆయన అడిగితే, పైసా అక్కర్లేదని రాయమంది.

"ఆయన ఆస్తిలో కాస్త తీసుకున్నా, దానికోసం మళ్లీ నా మీద పడతారండీ."

లాయరు అలాగే రాసుకున్నాడు.

ఒక్క చంద్రహారం మాత్రం మెడలోంచి తీసి ప్రసాద్ చేతిలో పెట్టింది. "ఇది కిషోర్‌బాబుకిచ్చి ముందా పిల్ల పెళ్లి కానివ్వమనండి. ఆడపిల్ల ఉసురు మనకొద్దు."

ఏడాది తిరిగేసరికి విడాకులు వచ్చాయి. పరిమళ నందిగామ చేరింది. ముందు వాటా అద్దెకిచ్చి, వెనక గదిలో ఉంటూ బట్టల కొట్లో పనికి కుదిరింది. జీతం పన్నెండు వేలు.

నెలకోసారి ప్రసాద్ నందిగామ బస్టాండుకు వచ్చేవాడు. కలిసి కనపడితే కోర్టులో ప్రసాద్ వేసిన ఐపీ కేసు పోతుందని, ముందూ వెనకా బల్లల మీద ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవారు.

"తింటున్నారా?"

"ఏదో... ఒక పూట."

ఆమె వెనక్కి తిరగకుండానే జీతంలో సగం, ఒక డబ్బాలో గోంగూర పచ్చడి అందించేది.

"ఇంకెన్నాళ్లండీ?"

"కోర్టు సంగతి నీకు తెలియందేముంది! ఓర్చుకో."

ఓర్చుకుంది. మిగిలిన సగంలోనే కొంత దాచింది. ఇరవై వేలయ్యాక, మాఘమాసంలో ఒక ఉదయం కొట్టుకు సెలవు పెట్టి గరికపాడు బస్సెక్కింది. ప్రసాద్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటాడు. ఆడమనిషి ఎదురుగా నిలబడి, ఉన్నదంతా చేతిలో పెట్టి అడిగితే వడ్డీ అయినా తగ్గించకపోతాడా అన్నది ఆమె లెక్క.

దాబా మూసి ఉంది. వెనకే ఇల్లు. ఇంటి ముందు పందిరి, సన్నాయి, కార్లు.

"ఎవరిదండీ పెళ్లి?" గేటు దగ్గర పన్నీరు చల్లుతున్న పెద్దావిడను అడిగింది.

"కిషోర్ చెల్లెలిదమ్మా. ఇన్నాళ్లకు ఆటంకాలన్నీ తీరినయ్. లోపలికి రా, భోంచేసి వెళ్దువు గానీ."

పరిమళ గుండె తేలికపడింది. ఆ పిల్ల ఉసురు తప్పింది. ఇలాంటి శుభం పూట అడిగితే కిషోర్‌బాబు కాదనడు. కొంగున కట్టిన డబ్బు ఒకసారి తడుముకుని, జనాన్ని తప్పించుకుంటూ మండపం ముందుకు వెళ్లింది.

పరిమళ ఇచ్చిన చంద్రహారం మెడలో వేసుకున్న నీహారిక చూస్తుండగా, పీటల మీది పెళ్లికొడుకు కాళ్లను ఇత్తడి పళ్లెంలో పెట్టి కిషోర్‌బాబు భక్తిగా కడుగుతున్నాడు. ఆ కాళ్లు భవానీప్రసాద్‌వి.