లాండ్రీ సందు మలుపు

“తిన్నని రోడ్డు కళ్లెదుట ఉండగా జనాన్ని ఆ సందులోకి ఎందుకు తిప్పారు బాబాయిగారూ? ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు,” అంది కార్యదర్శి, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

నగర మారథాన్‌కు ఈ ఏడాదితో పాతికేళ్లు నిండుతున్నాయి. దాని చరిత్ర రాసే పని కమిటీ తన కార్యదర్శి అయిన ఈ పక్కింటి అమ్మాయి నెత్తిన పెట్టింది. మిగతా చరిత్రంతా ఒక ఎత్తు, లాండ్రీ సందు మలుపు ఒక ఎత్తు. పెద్ద రోడ్డు మీద హాయిగా సాగిపోతున్న పరుగు ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతుంది. లాండ్రీ వెనగ్గా గుండ్రంగా చుట్టి మళ్లీ అదే రోడ్డు మీద తేలుతుంది. పరిగెత్తేవాళ్లు ఏటా అక్కడ తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే లాండ్రీ గోడను చేత్తో తాకి వెళతారు. తాకకపోతే కాళ్లు పట్టేస్తాయని ఎవరు పుట్టించారో గానీ, డాక్టర్లు కూడా తాకుతున్నారు. కొత్త అధ్యక్షుడు మాత్రం ఆ మలుపు ఎత్తేద్దామంటున్నాడు. సాయంత్రమే మీటింగు.

బాబాయిగారు మునిసిపల్ ఆఫీసులో మ్యాపులు గీసి గీసి రిటైరైన మనిషి. మారథాన్ దారి గీసింది ఆయనే.

“ఆ మలుపు నా బుర్రలోంచి వచ్చింది కాదమ్మా. మా పెద్ద ఇంజినీరుగారిది.”

“ఎందుకో ఆయన చెప్పారా?”

“ఆయన చెప్పడమా! నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవారు. మ్యాపు పంపితే బ్రౌన్ పెన్సిల్‌తో గీత పెట్టి వెనక్కి పంపేవారు. గీత ఎక్కడుంటే అక్కడ మార్చెయ్యడమే మా పని. ఎందుకని అడిగే గుండె ఎవరికీ లేదు.”

పిన్నిగారు కాఫీ తెచ్చింది. కార్యదర్శి ఒక గుక్క తాగి కప్పు బల్ల మీద పెట్టబోయింది.

“ఆగాగు!” అంటూ పిన్నిగారు కప్పు కింద సాసర్ తోసింది.

“మీ పిన్నికి సాసర్ల పిచ్చి,” అన్నాడు బాబాయిగారు. “కాపురానికొచ్చినప్పుడు లేదు. మధ్యలో పట్టుకుంది.”

“పట్టుకుందిలెండి. మీరు చరిత్ర చెప్పండి,” అని పిన్నిగారు తన కప్పుతో పక్కనే కూర్చుంది.

“ఆ రోజు మ్యాపు పెద్దాయన దగ్గర్నుంచి తిరిగొచ్చింది. చుట్ట విప్పకుండానే ఇంటికి తెచ్చి, ఇదిగో, ఈ బల్ల మీదే పరిచి స్నానానికి వెళ్లాను. వచ్చి చూద్దును కదా, లాండ్రీ దగ్గర చక్కటి వంపు! కాస్త పలచగా ఉంది. పెన్సిల్ చెక్కుకునే తీరిక లేక అలాగే లాగించేసి ఉంటారనుకున్నా. ఆ వంపు వెంటే చూస్తే మూడు సందులు ఒకదాంట్లో ఒకటి కలుస్తున్నాయి. ఉత్త చేత్తో అంత గుండ్రంగా గీశారు! చెయ్యి తిరిగిన మనిషంటే అదీ!”

పిన్నిగారికి పొలమారింది.

“నెమ్మదిగా తాగవే. దాంతో దూరం పెరిగిపోయింది. టౌన్‌హాలు ముందు ముగియాల్సిన పరుగును వెనక్కి లాగి బస్ డిపో దగ్గర ఆపాల్సొచ్చింది. అప్పుడు తెలిసిందమ్మా పెద్దాయన దూరదృష్టి! కాళ్లు పడిపోయినవాళ్లు ఎదురుగానే బస్సెక్కి ఇంటికి పోవచ్చు.”

“మీరు గీశాక ఆయన చూశారా?”

“చూసి సంతకం పెట్టారు. ఓసారి నా మొహంకేసి వింతగా చూశారు కూడా. అంత మెచ్చుకోలు నా సర్వీసులో మళ్లీ దక్కలేదు.”

కార్యదర్శి నవ్వు ఆపుకుని కాఫీ పూర్తిచేసింది. బాబాయిగారు మాత్రం నవ్వలేదు.

“నిజంగానే తీసేస్తారంటావా?” గొంతు తగ్గిపోయింది. “నేను గీసిన వంతెన కూలగొట్టారు. నేను గీసిన పార్కులో బస్టాండు కట్టారు. ఊళ్లో ఇంక మిగిలింది ఆ మలుపే. ఏటా ఆ పొద్దున లాండ్రీ అరుగు మీద నిలబడతాను. ఊరు ఊరంతా నా గీత వెంట తిరుగుతుంటే...”

కార్యదర్శికి మనసు చివుక్కుమంది. ఇంతసేపూ ముసిముసిగా నవ్వుతున్న పిన్నిగారు ఠక్కున కప్పు దించింది.

“సాయంత్రం దాకా ఎందుకే? మీ అధ్యక్షుడికి ఇప్పుడే ఫోన్ కొట్టు!”

కార్యదర్శి ఫోన్ చేసింది. మూడు సందులు, బస్ డిపో, పెద్దాయన దూరదృష్టి, అన్నీ ఉప్పూ కారం దట్టించి వినిపించింది. అవతలి గొంతు మొదట విసుక్కుంది, తర్వాత ఊ కొట్టింది, చివరికి కరిగింది.

“మలుపు ఉంటుంది బాబాయిగారూ! పైగా అక్కడో రాయి నాటించి, మలుపు ఎవరిదో వాళ్ల పేరు చెక్కిస్తారట.”

బాబాయిగారు కళ్లు తుడుచుకున్నాడు. “పెద్ద ఇంజినీరుగారి పేరే చెక్కించమ్మా. ఆయన లేకపోయినా ఆయన గీత నిలబడింది. మీటింగుకు నేనూ వస్తానుండు,” అంటూ మంచి చొక్కా వెతుక్కోవడానికి లోపలికి నడిచాడు.

పిన్నిగారు గేటు దాకా సాగనంపింది. చేత్తో గేటు పట్టుకుని నిలబడిపోయింది.

“ఆ రాయి మీద పెద్దాయన పేరు వద్దమ్మా.”

“పోనీ, బాబాయిగారి పేరు?”

“ఆయనదీ వద్దు. ఆయన పాపం ఉన్న గీత మీద దిద్దారు, అంతే.”

“మరి ఎవరి పేరు పెట్టమంటారు పిన్నిగారూ?”

పిన్నిగారు ఓసారి వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసుకుని, కార్యదర్శి చెవి దగ్గరకు వంగింది.

“ఆ బ్రౌన్ గీత నా కాఫీ కప్పుది.”