ఎదుటి బండికి దారి

ఘాట్ రోడ్డు మీద మా మామగారిలా వ్యాను నడిపేవాళ్లు లేరు. అంత చీకట్లో, పొగమంచులో కూడా పక్కన కూర్చున్న నాకు ఒక్క కుదుపు తెలియనివ్వలేదు. ఇరుకు మలుపు దగ్గర మాత్రం బండిని కొండకు ఆనించినట్టు ఆపి, లైట్లు తగ్గించారు.

"ఎవరూ రావట్లేదుగా మామయ్యా?"

"పైకెక్కే బండికి దారివ్వాలమ్మా."

ఏ ఇంజిన్ చప్పుడూ వినిపించలేదు. అయినా పక్కనుంచి లోడు లారీ వెళ్లినట్టు మా వ్యాను ఊగింది. లోయవైపు అద్దం టక్కున వెనక్కి మడుచుకుంది.

మామగారు చెయ్యెత్తి పలకరించి, అద్దం సరిచేసుకున్నారు.

"ఇన్నేళ్లలో ఆ డ్రైవరు నా బండికి ఒక్క గీత పడనివ్వలేదు. మొనగాడు!" అన్నారు మురిపెంగా.

మంచు కాస్త విడితే, ఆయన కిటికీలోంచి తొంగి చూశాను. లోయవైపు మా చక్రం పక్కన అడుగు పెట్టేంత రోడ్డు కూడా లేదు.