ఒక స్క్రూ మిగిలింది

"ఆ ఫ్యాను జోలికి పోకు. సాయంత్రం షాపువాడు వచ్చి పాతది పట్టుకెళ్ళి కొత్తది ఇచ్చిపోతాడు" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

ఆమె అప్పటికే టేబుల్ ఫ్యానును హాలు మధ్యలో పేపరు పరిచి పడుకోబెట్టింది. పక్కనే పనిముట్ల డబ్బా నోరు తెరుచుకుని ఉంది.

"దీనికి పోయేకాలమేం రాలేదు. స్విచ్ వేస్తే మూలుగుతోంది, పెన్సిల్‌తో తోస్తే తిరుగుతోంది. కండెన్సర్ పోయిందంతే. కొత్తది నిన్ననే తెచ్చాను."

"గోడ గడియారం అప్పుడు కూడా ఇలాగే అన్నావు."

"అది నడుస్తోందిగా?"

"నడుస్తోంది. పది నిమిషాలు ముందుగా."

"అందుకే మీరు ఈమధ్య ఆఫీసుకి వేళకి వెళ్తున్నారు."

కిటికీ దగ్గర కుట్టుమిషన్ ముందు కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నట్టింట్లో ఈ ఇనపసామాన్ల సంతేమిటమ్మాయ్? మా రోజుల్లో వస్తువు పాడైతే మగవాళ్ళు చూసుకునేవారు."

"మామయ్యగారు బాగుచేసేవారా అత్తయ్యా?"

"లేదు. పాడైందని చెప్పేవారు."

భర్తకి ఈ సంభాషణ పోతున్న దారి నచ్చలేదు. లేచి కూర్చున్నాడు. "సరే, పందెం. ఫ్యాను తిరగాలి. ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు. మిగిలిందో, ఫ్యానుతో పాటు ఆ డబ్బా కూడా షాపువాడికి ఇచ్చేస్తాను. ఇక ఈ ఇంట్లో స్క్రూడ్రైవర్ అన్న మాట వినబడకూడదు."

"మిగలకపోతే?"

"వాషింగ్ మిషన్‌కి మెకానిక్‌ని పిలవను. నువ్వే విప్పుకో."

గొలుసు కొనిపెడతానన్నా ఆమె మొహం అంతగా వెలిగేది కాదు. "తీర్పు చెప్పేదెవరు?"

"అమ్మ."

"నాకెందుకురా ఈ తద్దినం" అంటూనే అత్తగారు కుర్చీని నాలుగడుగులు ముందుకు జరుపుకున్నారు.

ఆ డబ్బాలోని ఒక్కొక్క పనిముట్టూ ఆమె ఏరికోరి కొనుక్కున్నదే. భర్త పుట్టినరోజుకి తను అతనికి కానుకగా ఇచ్చిన కటింగ్ ప్లయర్ కూడా అందులోనే ఉంది. అది ఎవరికోసం కొన్నదో అతనికి ఇప్పటికీ అనుమానమే. ఆ డబ్బాని పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకి ఏ కోశానా లేదు. ప్లగ్గు పీకింది. ఒక అట్టముక్క మీద ఫ్యాను బొమ్మ గీసింది. ఏ స్క్రూ ఎక్కడ ఊడితే ఆ బొమ్మలో సరిగ్గా అక్కడే గుచ్చుకుంటూ పోయింది. జాలీ, రెక్కలు, వెనక డొప్ప, అన్నీ చకచకా ఊడాయి. ఎండి గట్టిపడిన గ్రీజు తుడిచింది, పాత కండెన్సర్ తీసింది, కొత్తది బిగించింది. అట్ట మీది స్క్రూలు ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. పావుగంట పట్టలేదు.

స్విచ్ వేసింది. ఫ్యాను కిక్కురుమనకుండా తిరిగింది. గోడ మీది క్యాలెండరు మూడు నెలలు ముందుకెళ్ళి వెనక్కొచ్చింది.

"బానే ఉంది" అన్నాడు భర్త, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. తర్వాత కిందికి వంగి, పేపరు అంచు దగ్గర్నుంచి ఏదో రెండు వేళ్ళతో పైకెత్తాడు. "మరి ఇదేమిటి?"

స్క్రూ.

ఆమె అట్ట చూసింది. అన్ని చిల్లులూ ఖాళీ. ఫ్యాను చుట్టూ చూసింది. అన్ని చోట్లా స్క్రూలు నిండుగా ఉన్నాయి. స్క్రూని అరచేతిలో దొర్లించింది. "ఇది పొట్టిది. తల వెడల్పు. ఈ ఫ్యానుకీ దీనికీ బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు."

"ఓడిపోయినవాళ్ళ స్క్రూలన్నీ అలాగే ఉంటాయి."

"ఆగరా" అన్నారు అత్తగారు. "ఊరికే తీర్పు చెప్పమంటే నేనెలా చెప్పను? అమ్మాయ్, మళ్ళీ విప్పు. ఈసారి ఒక్కొక్కటీ చూపిస్తూ, చెబుతూ విప్పు."

కుర్చీ వదిలేసి, పీట తెచ్చుకుని ఆమె మోచేతి పక్కనే కూర్చున్నారు. ఇక మొదలైంది విచారణ. "ఈ తీగ ఎక్కడికెళ్తుంది? రెక్కలు ముందెందుకు తీశావు? అది కుడికి తిప్పావేం, అన్నీ ఎడమకేగా?" భర్త మీసాల చాటున నవ్వుకున్నాడు. అమ్మ పట్టు పడితే ఉడుంపట్టే.

ఆమె ఎక్కడా తడబడలేదు. అడిగినదానికల్లా జవాబు చెబుతూ, చూపించమన్నది చూపిస్తూ, మళ్ళీ బిగించుకుంటూ వచ్చింది. స్క్రూ ఆఖరి చుట్టు తిరిగి, ఇక కదలనని మొరాయించినప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న బిగువు ఉందే, అది ఆమెకి పందెం సంగతి కూడా మరిపించింది.

ఫ్యాను మళ్ళీ తిరిగింది. స్క్రూ మళ్ళీ మిగిలింది.

భర్త డబ్బా మూత వేసి చంకన పెట్టుకున్నాడు. మిగిలిన స్క్రూని సాక్ష్యంగా పైకెత్తి పట్టుకున్నాడు. "ఏమంటావు?"

"ఇంకో పదిసార్లు విప్పమన్నా విప్పుతాను. అది ఈ ఫ్యానుది కాదు."

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా? అమ్మా, నువ్వు చెప్పు."

అత్తగారు మోకాళ్ళ మీద చేతులు ఆన్చి నింపాదిగా లేచారు. కొడుకు వేళ్ళ మధ్య నుంచి స్క్రూ తీసుకుని, ఊది, శుభ్రంగా తుడిచారు.

"ఆ డబ్బా కింద పెట్టరా. ఇది నా కుట్టుమిషన్‌ది. మొదటిసారి మీ ఆవిడ మరీ గబగబా విప్పేసింది, నాకు సగమే అర్థమైంది. మళ్ళీ విప్పిస్తే పూర్తిగా నేర్చుకుందామని నేనే అక్కడ పడేశాను."