అరుగు మీద మంత్రం

"ఇంట్ల దాక్కుంటె ఇడిసిపెడ్తమనుకున్నవా? బయటికి రా!"

బాలనర్సమ్మ కేకకు నాచారం పాత ఊళ్ళో ఆ గల్లీ తలుపులన్నీ తెరుచుకున్నాయి. కేక ఎదురింటి ప్రవీణ మీద. ప్రవీణ కొంగు భుజం మీదుగా చుట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"ఏమైంది చిన్నమ్మా?"

"ఏమైందంటవా? నా బర్రె పాలు చేపుతలేదు. పొదుగు మీద చెయ్యేస్తె తంతున్నది. రోజూ గీ అరుగు మీద కూసోని నా కొట్టం దిక్కు సూసుకుంట ఏం జేస్తున్నవో జెప్పు."

"ఏం జేస్తలేను."

"మూతి బిగవట్టుకోని, కండ్లు నిలవెట్టి, ఏళ్ళు మడుసుకుంట లోపల్లోపల సదువుతవు. నా కండ్లతోని సూసిన. బాణామతి గాదా అది?"

ఆ మాట వినగానే అరుగు దగ్గర ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకామె పిల్లను లాక్కుని చంకనేసుకుంది.

గల్లీలో పెద్దమనిషి హన్మయ్య తువ్వాల దులుపుకుంటూ ముందుకొచ్చాడు.

"లొల్లి వద్దు బిడ్డా. ఏం సదువుతున్నవో గది జెప్పు. అందరం ఇండ్లకు పోతం."

ప్రవీణ వెనక్కి తిరిగి గడప వైపు చూసింది.

ఆమె చదివేది మంత్రం కాదు, అంకెలు. రెండో కాన్పు తర్వాత దగ్గినా, తుమ్మినా, పచ్చళ్ళ కంపెనీలో డబ్బాలెత్తినా ఆమెకు తెలియకుండానే ఉచ్చ కారుతోంది. ఉప్పల్ దవాఖానాలో పద్మశ్రీ మేడం కసరత్తు నేర్పింది. ఉచ్చను ఆపుకున్నట్టు కింద బిగించాలి, లెక్కపెట్టాలి, వదలాలి. "ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు, పక్కవాళ్ళకు కూడా తెలియదు" అని మేడం ధైర్యం చెప్పింది. చేసే తీరు బొమ్మలేసి ఉన్న కాగితం ఇస్తే, ప్రవీణ దాన్ని తన లంగల మడతల్లో దాచింది.

ఈ సంగతి భర్త నాగేందర్‌కు తెలియదు. అత్త మల్లవ్వకు అసలే తెలియకూడదు. ఆషాఢంలో పోచమ్మకు ఆ గల్లీ నుంచి మొదటి బోనం ఎత్తేది మల్లవ్వే. ఇంట్లో మడి, మైల అని గిన్నె గిన్నెకూ చూసే మనిషి. తెలిస్తే పొయ్యి కూడా ముట్టనివ్వదని ప్రవీణ భయం.

"ఊర్ల అయితే మంత్రం పలుకకుంట ఈపాటికి పండ్లు పీకుతుండిరి" అన్నాడు వెనక నుంచి ఎవడో. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు.

"పట్నం గాబట్టి నోటితోని అడుగుతున్నం" అంది బాలనర్సమ్మ. "జెప్పకుంటె సామాన్లు సదురుకోని గల్లీ ఇడిసి పోవాలె. ఏయ్, నాగేందర్‌కు ఫోన్ కొట్టున్రి, చర్లపల్లి కంపెనీల ఉంటడు. ఆయన ముంగటనే అడుగుదాం."

"ఆయనకు చెయ్యకున్రి!" అంది ప్రవీణ.

"సూసిన్రా? మొగనికి గూడ దెల్వకుండనే జేస్తున్నదట!"

అప్పుడే ప్రవీణకు గొంతులో గరగర మొదలైంది. దగ్గు. ఇంతమంది మగవాళ్ళ ముందు దగ్గితే ఇంకేముంది? కాళ్ళు దగ్గరికి తీసుకుని గట్టిగా బిగించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు మీద వేలు మడుస్తోంది.

"అగ్గో, మల్ల జేస్తున్నది! ఏళ్ళు సూడున్రి!" అని బాలనర్సమ్మ హన్మయ్య వెనక్కి దూకింది. జనం చెదిరారు. ఒకడు రాయి అందుకున్నాడు.

"ఆ రాయి కింద పడెయ్‌రా."

మల్లవ్వ గడప దాటి వచ్చింది. చేతులకు జొన్నపిండి అంటుకుని ఉంది.

"అది నా కోసమే జేస్తున్నది" అంది.

"నీ కోసమా? ఏం జేస్తున్నది అక్కా?" అన్నాడు హన్మయ్య.

"నాకు ఉచ్చ ఆగుతలేదు. దగ్గితె కారుతది, బిందె ఎత్తితె కారుతది. దవాఖానాకు పోవుడు నాతోని గాదంటె కోడలు పోయి నేర్చుకొచ్చింది. కింద బిగవట్టి, లెక్కవెట్టి, ఇడిసిపెట్టాలె. గదే కసరత్తు. నాకు సూపెట్టాలని ముందుగాల అది జేసి సూస్తున్నది. ఇంకేమన్న అడుగుతవా తమ్మీ? ఈడనే జేసి సూపెట్టాల్నా?"

హన్మయ్య తల దించుకున్నాడు. రాయి పట్టుకున్నవాడు చేయి వెనక్కి పెట్టుకున్నాడు. ఎవడో 'ఉచ్చ మంత్రమట' అన్నాడు. నవ్వు గల్లీ చివరి దాకా పోయింది.

"నువ్వు ముందు పశువుల డాక్టర్‌ను పిలువు, పొదుగు వాసిందేమో" అని హన్మయ్య బాలనర్సమ్మ మీద విసుక్కున్నాడు.

బాలనర్సమ్మ మాత్రం కదలలేదు.

"అది సరే. మరి గింత రోగం వెట్టుకోని అమ్మోరి బోనం ఎట్లెత్తుతవు మల్లవ్వా? నడి బజార్ల కారితె? తల్లికి మైల గాదా?"

మల్లవ్వ పక్కనున్న గుంజను పట్టుకుంది. గుంజకు పిండి వేళ్ళు అచ్చు పడ్డాయి.

"ఇగ ఎత్తను" అంది.

"మాట మీదుంటవా?"

"అందరు ఇన్నరు గద. ఈ ఏడు సంది ముందు బోనం నువ్వే ఎత్తుకో."

అందరూ వెళ్ళిపోయారు. మల్లవ్వ లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పెనం మీద రొట్టె ఒక పక్క మాడింది. దాన్ని తీసి పక్కన పెట్టి, మరో ముద్ద తీసుకుని చరచసాగింది. ప్రవీణ ఆమె పక్కన చతికిలబడింది.

"అత్తమ్మా, నీకు గూడ గిట్లనే అయితదా? ఎన్నడు జెప్పకపోతివి."

మల్లవ్వ రొట్టెను పెనం మీద వేసి, తడి చేత్తో అద్దింది.

"నాకేం రోగం? నేను మంచిగనే ఉన్న. నువ్వు డ్యూటీకి పోయినంక నీ లంగలు మల్లొక్కసారి ఉతికేది ఎవ్వలనుకున్నవు?"