తుమ్మలమెట్ట టవరు పెట్టె

కొత్త సిగ్నల్ పెట్టెలు తయారవడం ఆగిపోయి పదేళ్లయింది. ఒక ఊరికి కావాలంటే ఇంకో ఊరి టవరు మీది పెట్టె దింపి లారీ ఎక్కించాల్సిందే. బాలకోటయ్యది ఆ దింపే పని. ఈసారి వంతు తుమ్మలమెట్టది, అతని అక్క నాంచారమ్మ ఊరిది. ఊళ్లో మిగిలిన ఫోను ఆమెదొక్కటే. కాళ్లు పడిపోయి మంచాన ఉన్న ఆమెకు మనిషి గొంతు వినబడేది అందులోనే.

దింపేముందు ఆ ఊరి ఫోనుకు కాల్ చేసి చూడాలి. ఎత్తితే పచ్చలైటు వెలుగుతుంది, పెట్టె బాగున్నట్టు. మూడుసార్లూ ఎత్తకపోతే చెడిపోయిందని పెట్టే రాసుకుంటుంది. అలాంటిదాన్ని అక్కడే వదిలేస్తారు.

"అక్కా, మూడుసార్లు మోగుద్ది. ఎత్తబాకు," అని పొద్దున్నే చెప్పాడు.

"ఎత్తన్లేరా. నేనేమన్నా పసిదాన్నా?"

టవరెక్కి రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు. మూడోసారి నొక్కడానికి చెయ్యాడక చాలాసేపు ఆగాడు. తర్వాత నొక్కాడు. మొదటి రింగుకే అక్క పలికింది.

"ఇంతసేపు ఆగావేందిరా? పడ్డావేమోనని పానం పోయింది నాకు."

పెట్టె మీద పచ్చలైటు వెలిగింది.

"పడలేదక్కా. మాట్లాడు, వింటన్నా."

ఆమె చాలించేదాకా విని, అప్పుడు పానా తీశాడు.