నలుపుకి మార్కులు లేవు

"ఐదో సూర్యుడు! శభాష్! రేపే మీరు ఇంటికి," అంది మనోవ్యాధుల ఆసుపత్రిలో బొమ్మలు వేయించే మేడమ్. గోడమీద ఆమె పట్టిక ఉంది: పసుపుకి పది మార్కులు, నలుపుకి మరో వారం మందులు.

బస్సు డ్రైవరు వినయంగా నవ్వాడు. బస్సు బోల్తాపడిన నాటినుంచి అతనికి కునుకు పట్టడం లేదన్న సంగతి సూర్యుడికి గానీ పట్టికకు గానీ తెలియదు.

పక్కన పంతులమ్మ కాగితం నిండా నలుపు పూస్తోంది.

"మళ్ళీ నలుపేనా అమ్మా? ఒక్క పువ్వైనా వెయ్యకూడదూ?"

"ఇది నల్లబల్లండీ."

"పట్టికలో నల్లబల్ల లేదమ్మా," అని మేడమ్ సున్నా చుట్టి అవతలి వరసకు వెళ్ళిపోయింది.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "నా మాట వినండి పంతులమ్మగారూ. గుండ్రంగా గీసి పసుపు పుయ్యండి. మీరూ రేపే బయటపడతారు."

"బడికి వెళ్ళాలనే ఉంది బాబూ. నల్లబల్లమీద హాజరు వెయ్యలేకే కదా ఇక్కడికొచ్చాను."

ఆమె కుంచెకు తెల్లరంగు అద్దుకుని, ఒకప్పుడు రోజూ బళ్ళో రాసినట్టే పైమూలన రాసింది. మా ఇల్లు. మొత్తం ముగ్గురు. హాజరు ఇద్దరు.

"మా పిల్ల రాదని రాయడానికి ఆరు నెలలు పట్టింది," అంది, కుంచె కడుగుతూ.

డ్రైవరు తన సూర్యుణ్ణి చాలాసేపు చూశాడు. బోల్తాపడిన రోజు బస్సులో ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో అతనికి తెలుసు.

"పంతులమ్మగారూ, ఆ నలుపు కాస్త ఇలా ఇవ్వండి."